యుద్ధానికి వర్జ్యం ఎప్పుడు?

మతవిశ్వాసం యుద్ధాన్ని ఆపగలదా అని ఇంకా అనుమానపడేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఎందుకు ఆపలేదు? ఆపగలదు. 36 గంటలపాటు.

2023 జనవరి 6 మధ్యాహ్నం నుంచి 7వ తేదీ అర్ధరాత్రి దాకా, ఆర్థడాక్స్ క్రిస్మస్ కాబట్టి, ఉక్రెయిన్‌లో కాల్పులు ఆపమని పుతిన్ తన సైన్యాన్ని ఆదేశించాడు. విజ్ఞప్తి చేసింది రష్యా ఆర్థడాక్స్ చర్చి అధిపతి, మాస్కో పాట్రియార్క్ కిరిల్. ఇదొక ఎత్తుగడ అని కీవ్ కొట్టిపారేసింది. ఆ 36 గంటల్లోనూ తూర్పు ఉక్రెయిన్‌లోని బఖ్ముత్‌లో ఫిరంగులు పేలుతూనే ఉన్నాయి. అయితే మాత్రం ఏం, ఆదేశం ఆదేశమే. 2025 ఈస్టర్‌కి మళ్ళీ 30 గంటలు ప్రకటించారు. మధ్యలో ఆ ఆరు గంటలూ ఎందుకు కోతపడ్డాయో విశ్వాసులు ఆత్మపరిశీలన చేసుకోవాలి.

ఈ లెక్కన శాంతి పెరగాలంటే పండగలు పెరగాలి. ఉక్రెయిన్ తన వంతు చేసింది కూడా. 2023లో చట్టం తెచ్చి క్రిస్మస్‌ని జనవరి 7 నుంచి డిసెంబరు 25కి మార్చుకుంది. ఒకే దేవుడికి రెండు పుట్టినరోజులు వచ్చాయి కాబట్టి రెండు విరామాలు రావాలి. కానీ 2024 డిసెంబరు 25 పొద్దున్నే రష్యా క్షిపణులు ఉక్రెయిన్ విద్యుత్ కేంద్రాల మీద పడ్డాయి. తప్పు పట్టడానికి వీల్లేదు. మాస్కో చర్చి క్యాలెండర్‌లో అది వట్టి బుధవారం.

వారాన్ని బట్టి చంపుకోవడం ఇప్పటి విద్య కాదు. 1027లో, ఇప్పటి దక్షిణ ఫ్రాన్సులోని ఒక పల్లెలో క్రైస్తవ మతపెద్దలు కూర్చుని, శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దున దాకా ఎవరూ ఎవరి మీదా కత్తి దూయకూడదని తీర్మానించారు. దాని పేరు దైవ విరామం. తర్వాత్తర్వాత ఉత్సాహం పెరిగి బుధవారం సాయంత్రం నుంచే మొదలుపెట్టారు. శాస్త్రోక్తంగా కారణాలూ చూపించారు. గురువారం క్రీస్తు పరలోకానికి వెళ్ళిన రోజు, శుక్రవారం సిలువ ఎక్కిన రోజు, శనివారం సమాధిలో ఉన్న రోజు, ఆదివారం తిరిగి లేచిన రోజు. సోమవారం, మంగళవారం ఆయనకి ప్రత్యేకించి పనేమీ పడలేదు. కాబట్టి ఆ రెండు రోజులూ, బుధవారం పొద్దుగూకే దాకానూ పక్క ఊరివాణ్ణి నరకడానికి అభ్యంతరం లేదు.

మన పంచాంగకర్తలు ఆ సభలో లేకపోవడం ఐరోపా దురదృష్టం. ఉండి ఉంటే ఆ కాస్త కూడా మిగిల్చేవాళ్ళు కాదు. రోజూ రాహుకాలం గంటన్నర, యమగండం గంటన్నర, ఆపైన వర్జ్యం, దుర్ముహూర్తం. ఆషాఢం ఒకటి, గురు మూఢం, శుక్ర మూఢం మరొకటి. మూఢంలో షాపు ఓపెనింగే పెట్టుకోం, సరిహద్దు ఎలా దాటతాం? సేనాపతికి తారాబలం కుదిరి, కుదిరిన రోజున పిల్లి ఎదురు రాకుండా ఉండేసరికి సిపాయిలు రిటైరై పింఛను తీసుకుంటూ ఉంటారు. అలాగని మనవాళ్ళు రాసుకున్నవన్నీ పాటించారని కాదు. ధర్మక్షేత్రమని పేరు పెట్టుకున్న చోటే, పొద్దుగూకితే ఆయుధం దించాలన్న నియమం పద్నాలుగో రోజు రాత్రి గాలికి పోయింది. దివిటీలు పట్టించుకుని మరీ కొట్టుకున్నారు.

దైవ విరామం సంగతికొస్తే, 1095 నవంబరులో ఫ్రాన్సులోని క్లెర్మాంట్‌లో జరిగిన చర్చి సభలో పోప్ రెండో అర్బన్ దాన్ని మళ్ళీ ఖాయపరిచాడు. ఆ సభలోనే జెరూసలేం మీదికి మొదటి క్రూసేడ్‌కి, అంటే మతయుద్ధానికి, పిలుపూ ఇచ్చాడు. ఇందులో వైరుధ్యం వెతికేవాళ్ళకి రాజకీయం తెలియదు. ఇంట్లో కొట్టుకుని ఒంట్లో బలం వేస్ట్ చేసుకోవద్దనేగా ఆయన చెప్పింది. 1099 జులై 15న జెరూసలేం పడింది, దొరికిన ముస్లింలనీ యూదులనీ ఊచకోత కోశారు. ఆరోజు శుక్రవారం, విరామం లెక్కలో కత్తి ముట్టకూడని రోజు. అప్పటి చరిత్రకారులు ఆ సంగతి దాచుకోలేదు సరికదా, సరిగ్గా క్రీస్తు సిలువ మీద ఉన్న వేళకే పట్నం చిక్కిందని మురిసిపోతూ రాసుకున్నారు. 1139లో మరో సభ విల్లమ్ములనే నిషేధించింది. క్రైస్తవుల మీద వాడకూడదట. మిగతావాళ్ళ ప్రస్తావన ఆ నిబంధనలో లేదు.

ఇక మాస్కో దగ్గర కుబింకాలో 2020లో తెరిచిన రష్యా సైనిక దళాల ప్రధాన చర్చిని అందరూ చూసి తరించాలి. మిలిటరీ ఆకుపచ్చ రంగు. పెద్ద గుమ్మటం కింది వలయం అడ్డంగా 19.45 మీటర్లు, ఎందుకంటే నాజీల మీద గెలిచింది 1945లో. చిన్న గుమ్మటం ఎత్తు 14.18 మీటర్లు, ఎందుకంటే ఆ యుద్ధం 1418 రోజులు నడిచింది. వాస్తు కూడా ఇంత పట్టింపుగా ఉండదు. గోడ మీద పుతిన్ మొహంతో రాళ్ళ చిత్రం ఒకటి సిద్ధం చేశారు, విమర్శలొచ్చాక తీసేశారు. మెట్లకి వాడిన లోహంలో జర్మన్ల దగ్గర పట్టుకున్న ఆయుధాలు కరిగించి కలిపారు. ఆ జర్మన్ సిపాయిల బెల్టు బకిల్ మీద "దేవుడు మనతో ఉన్నాడు" అని చెక్కి ఉండేది. ఆయుధాలు కరిగి మెట్లయ్యాయి, దేవుడు మాత్రం లోపలికి నడిచి ఇటువైపు కూర్చున్నాడు. మన ఎమ్మెల్యేలు ఎన్నిసార్లు కండువా మార్చినా ఇంత నున్నగా మార్చలేరు.

2022 సెప్టెంబరులో కిరిల్, యుద్ధంలో తన విధి నిర్వహిస్తూ చనిపోయినవాడి పాపాలన్నీ కడుక్కుపోతాయని ప్రవచించాడు. పాపానికి గంగదాకా పోనక్కర్లేదు, దొనెత్స్క్ యుద్ధరంగం చాలు. అంతకు ఆరు నెలల ముందు పోప్ ఫ్రాన్సిస్ ఆయనతో 40 నిమిషాలు వీడియో కాల్‌లో మాట్లాడాడు. అందులో మొదటి 20 నిమిషాలూ కిరిల్ చేతిలో కాగితం పట్టుకుని, యుద్ధం ఎందుకు న్యాయమో చదువుతూనే ఉన్నాడని ఫ్రాన్సిసే తర్వాత ఒక పత్రికకి చెప్పాడు. పాట్రియార్క్ అన్నవాడు పుతిన్‌కి హారతి పళ్ళెం అందించే కుర్రాడు కాకూడదన్నట్టు ఒక మాట కూడా అన్నాడు. మాస్కో చర్చి చాలా నొచ్చుకుంది. యుద్ధానికి కాదు, ఆయన మాట్లాడిన తీరుకి.

ఇంత గట్టి సంప్రదాయం ఉన్న చోట, పశ్చిమ ఆఫ్రికాలో అంతర్యుద్ధంలో మునిగిన లైబీరియా ఆడవాళ్ళు చేసింది పద్ధతిగా లేదు. 2003లో చర్చివాళ్ళు, మసీదువాళ్ళు కలిసి తెల్ల టీషర్టులు వేసుకుని రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర మైదానంలో కూర్చున్నారు. ఎండా వానా లేదు, రోజూ అంతే. అధ్యక్షుడు చార్లెస్ టేలర్ కాన్వాయ్ ఆ రోడ్డు మీదే పోయేది. ముస్లింలతో కలిసి ప్రార్థన ఏమిటని చర్చిల్లో సణుగుడు మొదలైతే, తూటాకి క్రైస్తవులెవరో ముస్లింలెవరో తెలుస్తుందా అని అడిగారు. గుమ్మటం లేదు, కొలతలు లేవు, ముహూర్తం చూడలేదు. దీన్ని విశ్వాసం అనొచ్చో లేదో పండితులే తేల్చాలి.

ఆ ఒత్తిడికి ఘనా రాజధాని అక్రాలో చర్చలు మొదలయ్యాయి. వారాలు గడిచాయి. ముఠా నాయకులు హోటల్లో తిని పడుకుంటున్నారు, అక్కడ మన్రోవియాలో బాంబులు పడుతున్నాయి. జులైలో ఒకరోజు ఈ ఆడవాళ్ళు చర్చలు జరిగే హాలు గుమ్మం ముందు చేతులు పెనవేసుకుని కింద కూర్చున్నారు. తేల్చేదాకా ఒక్కరూ బయటికి రాకూడదు, భోజనానికి కూడా. ఒకాయన వాళ్ళ మీద నుంచి దూకబోతే లోపలికి తోసేశారు. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ అధ్యక్షుడు అబూబకర్ వచ్చి బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 11న టేలర్ దిగిపోయాడు, 18న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వాళ్ళని నడిపించిన లేమా బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది.

ఆ గుమ్మం దగ్గర మాత్రం గార్డులు ఆవిణ్ణి అరెస్టు చేయడానికే వచ్చారు. ఆవిడ తలగుడ్డ విప్పి, ఇంకో అడుగు ముందుకేస్తే ఒంటి మీద బట్టలన్నీ విప్పేస్తానంది. పెళ్ళయిన ఆడమనిషో పెద్దావిడో అలా చేస్తే శాపమని వాళ్ళ నమ్మకం, గార్డులు వెనక్కి తగ్గారు. వాళ్ళు మోపబోయిన నేరం ఏమిటంటే, న్యాయానికి ఆటంకం కలిగించడం.