అడిగిపోయిన్రు గద, ఏం తేలింది?

పోయిన నెల జగిత్యాల వైపు ఒక ఊరికి వెళ్ళాం. రెండో విడత సర్వే. ఏడాది కింద మాట్లాడిన పెద్దవాళ్ళనే మళ్ళీ కలిసి, వాళ్ళ మనసులో, జ్ఞాపకంలో ఏం మారిందో చూడాలి. మూడో ఇంట్లో అవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. తునికాకు పక్కకు జరిపి కూర్చోమంది. నేను సంచిలోంచి ట్యాబ్ తీసేలోపే అడిగింది: "మొన్న అచ్చి గన్ని ముచ్చట్లు అడిగిపోయిన్రు గద బిడ్డా, ఏం తేలింది?"

ఆమె "మొన్న" అన్నది ఏడాది కిందటి సంగతిని. ఏం తేలిందో నాకు తెలుసు. వృద్ధుల్లో డిప్రెషన్ కొలిచే 15 ప్రశ్నల స్కేలులో ఆమెకు 11 వచ్చింది. 5 దాటితేనే డాక్టరుకు చూపించాలంటారు. ఆ 11 అనే అంకె ఏడాదిగా మా సర్వర్‌లో భద్రంగా ఉంది. దాని మీద పోస్టర్ వేశాం, కాన్ఫరెన్సులో చూపించాం. చెప్పనిది ఆమెకే.

నేను యూనివర్సిటీలో వృద్ధాప్యం, మానసిక ఆరోగ్యం మీద నడుస్తున్న ఒక ప్రాజెక్టుకు కోఆర్డినేటర్ని. సైన్సు పని పీఐ సార్ (ప్రాజెక్టు ప్రధాన పరిశోధకుడు) చూస్తారు. ఎథిక్స్ కమిటీ కాగితాలు, ఫీల్డు పిల్లల డ్యూటీలు, బండి, బిల్లులు, ట్యాబుల చార్జింగ్, యూసీలు (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రాలు), ఆడిట్ జవాబులు అన్నీ నావి. రెండేళ్ళుగా ఇదే పని. ఇష్టంతో చేస్తున్నాను, మానేసే ఉద్దేశం కూడా లేదు. అందుకే ఈ మాట చెప్పే బాధ్యత నాకుంది అనుకుంటున్నాను. ఈ దేశంలో ముసలివాళ్ళను అడగడానికి డబ్బులు ఇస్తున్నారు. అడిగాక వాళ్ళ దగ్గరకు తిరిగి వెళ్ళి చెప్పడానికి, చేయిపట్టి ఆసుపత్రిదాకా తీసుకెళ్ళడానికి ఇవ్వట్లేదు. ఇది తప్పు. చిన్న లోపం అని సర్దుకునేంత చిన్నది కాదు.

ప్రపోజల్ రాసినప్పుడు బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టాం: రెఫరల్, ఫాలో-అప్. స్కోరు ఎక్కువొచ్చిన వాళ్ళను జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళే ఆటో ఖర్చు, తోడు వెళ్ళే మనిషికి కూలి, ఆరు నెలలపాటు నెలకోసారి వెళ్ళి కలవడం. మొత్తం బడ్జెట్‌లో అది ఎంతో కాదు. మంజూరు ఉత్తర్వు వచ్చేసరికి ఆ వరుసే లేదు. "ఇది పరిశోధన, సేవా కార్యక్రమం కాదు" అన్నారు. బదులుగా ఎథిక్స్ కమిటీకి మేం ఒప్పుకున్నది ఒక చీటీ. స్కోరు దాటితే ఆ మనిషి చేతిలో చీటీ పెట్టాలి. దాని మీద జిల్లా ఆసుపత్రి మానసిక విభాగం, ఓపీ రోజులు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416.

చీటీని తక్కువ చేయట్లేదు. 14416 మంచి సేవ. 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఈ పోస్టు చదివే వాళ్ళలో ఎవరికైనా, ఇంట్లో పెద్దవాళ్ళకైనా అవసరమైతే మొహమాటం లేకుండా చేయండి. కానీ ఆ అవ్వకు చదువు రాదు. ఉన్న ఒక్క ఫోన్ కోడలి చేతిలో ఉంటుంది. కొడుకు సౌదీలో. ఆసుపత్రి 30 కిలోమీటర్ల దూరం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీయే, నిజమే. బస్టాండులో దిగాక ఏ గేటు, ఏ గది, ఎవరిని అడగాలి? తోడు మనిషి లేకుండా 70 దాటిన మనిషి "మానసిక విభాగం" అన్న బోర్డు కింద వరుసలో నిలబడుతుందా?

అవ్వ లోపలికి వెళ్ళి ఆ చీటీ తెచ్చి చూపించింది. పింఛను పుస్తకంలో పెట్టి దాచింది. మడతల దగ్గర చిరిగిపోతే వెనక సెల్లోటేప్ అంటించి ఉంది. "ఇది జూపిత్తె ఏమన్నిస్తరా?" అని అడిగింది. ఏడాదిపాటు దాన్ని ఏదో మంజూరు కాగితం అనుకుంది.

మాకు వాళ్ళ మీద ఉన్న రుణం ఏంటో తెలియాలంటే ఆ ఇంటర్వ్యూ ఎలా జరుగుతుందో తెలియాలి. ముందు ఏడు పేజీల సమాచార పత్రం చదివి వినిపిస్తాం. తర్వాత వేలిముద్ర. అక్కడే సగంమంది వెనక్కి తగ్గుతారు. "ఏలుముద్ర ఎందుకు? పింఛిని దీసేత్తరా?" అంటారు. వాళ్ళ జీవితంలో వేలిముద్ర పెట్టించుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి పోయింది, భూమో, బాకీ లెక్కో. అయినా మమ్మల్ని నమ్మి బొటనవేలు ఇంకులో ముంచుతారు. చదువు రాని వాళ్ళు సంతకం చేసేటప్పుడు బయటి సాక్షి ఒకరు ఉండాలని నియమం. పక్కింటి మనిషిని పిలుస్తాం. దాంతో ఊరందరికీ తెలుస్తుంది, ఫలానా ముసలమ్మను ఏదో రాసుకుంటున్నారని.

తర్వాత ప్రశ్నలు. మొదటి అనువాదం ఏజెన్సీ చేసిచ్చింది. "మీరు మీ జీవితం పట్ల ప్రాథమికంగా సంతృప్తిగా ఉన్నారా?" ఇదీ మొదటి ప్రశ్న. ముందుగా కొద్దిమందితో చేసి చూసిన పైలట్‌లో ఒక్కరికీ అర్థం కాలేదు. మా ఫీల్డు పిల్లల్లో ఒకమ్మాయి అదే జిల్లాది. "మేడం, మా నాయినమ్మను అడిగినట్టు అడుగుత" అని, "అవ్వా, ఏమన్న రంది వెట్టుకున్నవా?" అంది. అంతే, తాళం తీసినట్టయింది. రంది, మనాది, బెంగ, గుబులు. మన ఊళ్ళలో డిప్రెషన్‌కు పేరు లేదని చాలామంది చదువుకున్నవాళ్ళు అంటారు. పేర్లు బోలెడు ఉన్నాయి. స్కేలు తయారుచేసిన వాళ్ళకు, అనువదించిన వాళ్ళకు అవి తెలియవు. ఆ మాటలు ప్రశ్నాపత్రంలోకి ఎక్కించి, సరిపోల్చడానికి మళ్ళీ ఇంగ్లీషులోకి తిరుగు అనువాదం చేయించి, కమిటీకి మళ్ళీ పంపి ఆమోదం తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు "జాప్యం" అని ప్రోగ్రెస్ రిపోర్టులో రాశారు. నా దృష్టిలో ప్రాజెక్టులో మేం చేసిన అసలైన పని అదే.

జ్ఞాపకశక్తి పరీక్షలూ అంతే. తేదీ ఎంత అని అడగాలి. ఒక తాత అన్నాడు, "తారీకు తెల్వది, మిరుగు పోయి ఆరుద్ర జొచ్చి రెండొద్దులాయె." కార్తెల లెక్కన సరిగ్గా చెప్పాడు, ఆ రోజు జూన్ 24. మాన్యువల్ ప్రకారం ఆ జవాబుకు సున్నా. బడికి వెళ్ళని మనిషికి వంద నుంచి ఏడేడు తీసేయమనడం, వాక్యం రాయమనడం ఎంత అన్యాయమో 1990ల్లోనే మనవాళ్ళు చూశారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువు రాని పల్లె పెద్దవాళ్ళ కోసం ఆ పరీక్షను హిందీలో మార్చారు. అక్షరాలు వెనక్కి చెప్పమనే బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పమన్నారు, వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళ కిందటి పని. ఇప్పటికీ ప్రతి కొత్త ప్రాజెక్టూ మొదటి నుంచి అదే తలనొప్పి పడుతోంది.

ఇంటర్వ్యూ ఏకాంతంగా చేయాలి. ఊళ్ళో ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? కోడలు గడప దగ్గర నిలబడుతుంది. "మంచిగ జూసుకుంటరు బిడ్డా, నాకేం తక్వ" అంటుంది అత్త. మేం బయల్దేరి సందు మలుపు తిరిగాక వెనక నుంచి పిలుపు వస్తుంది. అక్కడ, చింతచెట్టు కింద, అసలు ఇంటర్వ్యూ జరుగుతుంది. కోడలిని దోషిగా చూపించట్లేదు. మొగుడు గల్ఫ్‌లో, ఇద్దరు పిల్లలు, బీడీల కూలి, మీద మంచాన పడ్డ మామ. ఆమెను ఎవరూ ఏ స్కేలుతోనూ కొలవలేదు.

ట్యాబ్ ప్రతి ఇంటర్వ్యూ సమయాన్ని నమోదు చేస్తుంది. గంటంపావు దాటితే ఎర్ర జెండా. క్యాంపస్ నుంచి డేటా చూసే వాళ్ళు అడుగుతారు, "ఈ ఐడీకి 2 గంటల 40 నిమిషాలు ఎందుకు పట్టింది?" ఆ మనిషి ఏడ్చింది అని రాయడానికి కోడ్ లేదు. తెలియదు అంటే 98, చెప్పను అంటే 99. చనిపోయిన కూతురి ఫొటో తెచ్చి చూపిస్తే ఏ అంకె వేయాలో మా పిల్లలు నన్నే అడుగుతారు. ఒకబ్బాయి మూడు నెలలు చేసి మానేశాడు. మంచి పిల్లవాడు, ఒక్క ఫారంలో తప్పు ఉండేది కాదు. "మేడం, అందరివీ విని వచ్చేస్తున్నం. రాత్రి పడుకుంటే వాళ్ళే యాదికొస్తున్నరు" అన్నాడు. మానసిక ఆరోగ్యం మీద ప్రాజెక్టు ఇది. ఆ పిల్లవాడితో మాట్లాడటానికి ఒక కౌన్సెలర్‌ను పెట్టే పద్దు అందులో లేదు. పైగా రెండో ఏడాది నిధులు ఆలస్యమై అతనికి నాలుగు నెలల జీతం బాకీ ఉన్నాం. మొదటి వాయిదాకు యూసీ పంపాలి, అది పాసవ్వాలి, అప్పుడే రెండోది. ఈలోగా మార్చి 31 లోపు పరికరాల డబ్బు ఖర్చుచేయమని ఫోన్లు. ప్రింటర్ కొన్నాం. ప్రింటర్ పద్దులో డబ్బుంది, మనిషి పద్దులో లేదు.

"పరిశోధన వేరు, సేవ వేరు" అనే వాళ్ళకు నా జవాబు సూటిగా చెప్తాను.

దేశంలో వృద్ధాప్యం మీద జరిగిన పెద్ద సర్వే, లాసీ, చూడండి. 2017-18లో దేశమంతా 45 ఏళ్ళు దాటినవాళ్ళు, వాళ్ళ భార్యలు, భర్తలు కలిపి 72 వేలమందికి పైగా మనుషులతో మాట్లాడారు. 60 దాటిన వాళ్ళలో 8.3 శాతానికి తీవ్రమైన డిప్రెషన్ ఉండొచ్చని తేలింది. డాక్టరు చెప్పగా తమకు డిప్రెషన్ ఉందని తెలిసినవాళ్ళు 0.8 శాతం. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి తమకున్నది జబ్బని, దానికి మందుందని చెప్పినవాళ్ళు లేరు. సర్వే చేసే మనిషే చాలామందికి ఆ సంగతి అడిగిన మొదటి మనిషి. ఆ మొదటి మనిషి చీటీ ఇచ్చి వెళ్ళిపోతే రెండో మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు?

రెండోది, ఇవి నయమయ్యేవి. వయసొచ్చిందిగా, అంతే అనుకునే వాటిలో చాలా భాగం అంతే కాదు. డిప్రెషన్ వల్లే మతిమరుపు వచ్చినట్టు కనిపించే వాళ్ళుంటారు. థైరాయిడ్, బీ12 లోపం ఉంటాయి. డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) ముప్పు పెంచేవాటిలో మనం మార్చగలిగినవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ చెప్పింది. అందులో వినికిడి లోపం ఉంది, చికిత్స చేయించని చూపు లోపం ఉంది, ఒంటరితనం ఉంది. మా సర్వేలో ఒక తాతకు పది పదాల్లో ఒక్కటే గుర్తుంది అని రాసుకొచ్చారు. నాకు అనుమానమొచ్చి మళ్ళీ వెళ్ళాను. కుడిచెవి వైపు కూర్చుని చెప్తే ఆరు చెప్పాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, ఆ రోజు మావాడు ఎడమ వైపు కూర్చున్నాడు. పేద వృద్ధులకు వినికిడి మిషన్లు ఇచ్చే వయోశ్రీ పథకం 2017 నుంచి ఉంది. అలాంటిది ఒకటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మూడోది, మా సార్ చెప్పే అభ్యంతరం. దానిలో న్యాయం ఉంది కాబట్టి దాచను. మనం జోక్యం చేసుకుంటే రెండో విడత ఫలితాలు మారిపోతాయి, సహజంగా ఏం జరుగుతుందో తెలియదు అంటారు. నా మాట: మారనివ్వండి. ఎవరికి సాయం అందిందో అదీ రాసుకుందాం, విశ్లేషణలో లెక్కలోకి తీసుకుందాం. గణాంకాలకు ఆ దారి తెలుసు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనే అన్సిలరీ కేర్ అని ఒక మాట ఉంది. పరిశోధనలో బయటపడ్డ వేరే జబ్బులకు కూడా వైద్యం అందించే ఏర్పాటు గురించి అందులో రాశారు. మనం వెతికి పట్టుకున్న జబ్బు సంగతి ఇక చెప్పాలా? 11 వచ్చిన మనిషి సహజంగా 13కు వెళ్తుందా అని చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు.

నిధులిచ్చే పెద్దలకు, కమిటీల్లో కూర్చునే ప్రొఫెసర్లకు నా విన్నపం ఒక్కటే. ఫాలో-అప్ పద్దు లేని ప్రపోజల్‌ను వెనక్కి పంపండి. పరికరాలకు ఎలా తప్పనిసరిగా కొటేషన్ అడుగుతారో, మనుషుల్ని ఆసుపత్రికి ఎలా చేరుస్తారో అలాగే అడగండి. ఆశ కార్యకర్తకు ఆ పనికి డబ్బు కట్టండి, ఊరికే చేయించుకోకండి. ఫలితాలు ముందు ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో తెలుగులో చదవండి, పత్రికలకు తర్వాత పంపవచ్చు.

అవ్వ సంగతి చెప్పాలి. ఆ రోజు ట్యాబ్ సంచిలో పెట్టేశాను. ఏం తేలిందో చెప్పాను, రంది ఎక్కువైతే అదీ ఒక జబ్బేనని, మందు ఉందని. "గట్లనా! నేను వయసొచ్చింది గావట్టి అనుకున్న" అంది. తర్వాతి గురువారం ఆశమ్మ, నేను ఆమెను ఆటోలో జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వరుసలో రెండు గంటలు. డాక్టరమ్మ ఓపిగ్గా మాట్లాడింది, రక్తపరీక్షలు రాసింది, మందు మొదలుపెట్టింది. గుణం కనిపించడానికి వారాలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని చెప్పింది. ఆటోకు 900 అయింది. ఆ రసీదు ఏ పద్దులోనూ పట్టదని అకౌంట్స్‌లో వెనక్కి ఇచ్చేశారు.

నెల మందులు ఈ గురువారంతో అయిపోతాయి. మళ్ళీ చూపించాలి. ఆ రోజు మా ఫీల్డు బండి వేరే మండలానికి రాసి ఉంది. నేను సెలవు పెట్టాను. పొద్దున ఆరున్నర బస్సుకు వెళ్తున్నాను.