తాతల నెయ్యి, మ్యూనిక్ అద్దం

అమెరికాలో డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ అని ఒక మహిళా సంఘం ఉంది, పొట్టిగా డీఏఆర్. ఇందులో చేరాలంటే మీకు దేశభక్తి ఉంటే చాలదు, మీ తాతల తాతలకు ఉండి ఉండాలి, అదీ బ్రిటిష్‌వాళ్లతో స్వాతంత్ర్య యుద్ధం జరిగిన ఆ కొద్ది ఏళ్లలోనే ఉండి ఉండాలి, పైగా ఆయన దగ్గర్నుంచి మీ దాకా ఏ తరమూ తెగకుండా కాగితాలతో రుజువు చూపించాలి. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే మన దగ్గర వెక్కిరింత. అక్కడ దానికి అప్లికేషన్ ఫారం ఉంది.

నవ్వకండి, వాళ్ల బాధ వాళ్లది. 1889లో మగవాళ్లు ఇలాంటిదే ఒక సంఘం పెట్టుకుని, మరుసటేడు ఆడవాళ్లకి ప్రవేశం లేదని తీర్మానం చేశారు. మేరీ లాక్‌వుడ్ గారికి ఒళ్లు మండి పత్రికకి ఉత్తరం రాశారు, అక్టోబరుకల్లా డీఏఆర్ తయారైంది. గుమ్మం బయట నిలబెట్టారన్న కోపంలోంచి పుట్టిన సంఘం కాబట్టి గుమ్మం విలువ వీళ్లకి బాగా తెలుసు. 1939లో నల్లజాతి గాయని మరియన్ ఆండర్సన్ పాట కోసం హాలు అడిగితే ఇవ్వలేదు. అప్పటి అధ్యక్షుడి భార్య, సంఘం సభ్యురాలు ఎలినార్ రూజ్వెల్ట్ రాజీనామా చేసింది, మరియన్ లింకన్ స్మారకం మెట్ల మీద 75 వేల మంది ముందు పాడింది. అది లోకమంతా తెలిసిన కథ. నాకు మాత్రం అయోవా రాష్ట్రంలో సెడార్ రాపిడ్స్ ఊరి శాఖ మీద అభిమానం.

1920ల చివర్లో ఆ ఊరివాళ్లు యుద్ధవీరుల స్మారక భవనానికి రంగుటద్దాల కిటికీ ఒకటి చేయించారు, చిన్నదేం కాదు, 24 అడుగుల ఎత్తు. బొమ్మ గీసింది ఊళ్లోవాడే, గ్రాంట్ వుడ్. గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకుని మూతి ముడుచుకున్న రైతు, పక్కనే ఇంకాస్త ముడుచుకున్న ఆవిడ, ‘అమెరికన్ గోథిక్’ అనే ఆ పేరున్న బొమ్మ వేసినాయనే. పని బాగా రావాలని ఆయన 1928లో మ్యూనిక్ వెళ్లి దగ్గరుండి అద్దాలు చేయించాడు. డీఏఆర్ తల్లులు అభ్యంతరం చెప్పారు: వీరులు అమెరికావాళ్లు, గాజేమో మొన్నటి ప్రపంచ యుద్ధంలో శత్రువైన జర్మనీది! న్యాయమే కదా, గాజుకి వంశవృక్షం ఎక్కడిది, ఏ కొలిమిలో ఏ ఇసుక కలిసిందో ఎవరు చూడొచ్చారు? కిటికీకి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగేసరికి 1955. అప్పటికి వుడ్ పోయి పదమూడేళ్లు.

ఆయన మాత్రం అన్నాళ్లు ఆగలేదు. 1932లోనే ఆ డీఏఆర్ తల్లుల మీద ఒక బొమ్మ వేశాడు: ముగ్గురు పెద్దావిడలు, బిగించిన పెదాలు, ఒకావిడ చేతిలో టీ కప్పు, వెనక గోడ మీద స్వాతంత్ర్య యుద్ధంలో డెలావేర్ నది దాటుతున్న వాషింగ్టన్ పటం. 1773లో బోస్టన్ రేవులో తాతలు బ్రిటిష్‌వాళ్ల పన్ను మీద కోపంతో టీ పెట్టెలు సముద్రంలో పారేశారు, మనవరాళ్లు కప్పు పట్టుకుని కూర్చున్నారు, దాని మీద నీలిరంగు డిజైన్ కూడా ఇంగ్లండు కుమ్మరులు చైనాని చూసి చేసిందే. ఇక గోడ మీది పటం. అమెరికా దేశభక్తికి అంతకు మించిన పటం లేదు కదా, దాని అసలు బొమ్మ వేసింది ఎమాన్యుయెల్ లాయిట్సె అనే జర్మనీలో పుట్టిన మనిషి, వేసిందీ జర్మనీలోనే, డ్యూసెల్డోర్ఫ్‌లో. కిటికీ పనికిరాదుగానీ పటం పనికొచ్చింది. వుడ్ బొమ్మని తర్వాత కొనుక్కున్నది సినిమా నటుడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్. ఆయన పుట్టింది బుకారెస్ట్‌లో.

ఇప్పుడు సంఘం చాలా మారింది, అది ఒప్పుకోవాలి. 1977లో ఒక నల్లజాతి మహిళని చేర్చుకున్నారు. కొత్తగా పౌరసత్వం తీసుకునేవాళ్లకి ప్రమాణం రోజున చిన్న జెండాలు పంచుతారు, వరసలో మనవాళ్లూ ఉంటారు. అప్పట్లో సాయానికొచ్చిన ఫ్రెంచి సైనికుల సంతతికి కూడా సభ్యత్వం ఉంది.

అలాగైతే నాదొక మనవి. సరిగ్గా ఆ స్వాతంత్ర్య యుద్ధం ఏళ్లలోనే, సరిగ్గా అదే బ్రిటిష్‌వాళ్లతో ఇక్కడ హైదర్ అలీ యుద్ధం చేస్తున్నాడు, పెన్సిల్వేనియావాళ్లు 1782లో తమ యుద్ధనౌకకి ఆయన పేరే పెట్టుకున్నారు. కడప సీమ అప్పుడు ఆయన చేతిలోనే ఉంది. కాబట్టి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కడప ఆడపడుచులు ధైర్యంగా అప్లికేషన్ పెట్టుకోవచ్చు. కాకపోతే తాతల తాతల పెళ్లికి రుజువు కావాలి. ఊరంతా భోంచేసింది అంటే ఒప్పుకోకపోవచ్చు.