పతకం సరే, పౌరసత్వం?

చిలీలో పుట్టిన ఫిలిప్ బజార్ అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళంలో చేరారు. హోదా లేని మామూలు నావికుడు. 1865 జనవరి 15న నార్త్ కరోలినాలోని ఫోర్ట్ ఫిషర్ కోట ముట్టడిలో చూపిన తెగువకు ఆయనకు అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది.

ఆ కోట పోతే దక్షిణాదికి ఊపిరాడదు. విల్మింగ్టన్ రేవుకు అదే కాపలా. ఉత్తరాది నౌకల దిగ్బంధాన్ని తప్పించుకుని వచ్చే ఓడలు దక్షిణాది సేనాని జనరల్ లీ సైన్యానికి సరుకులు చేర్చింది ఆ రేవు గుండానే. డిసెంబరులో మొదటి దాడి బెడిసికొట్టింది. రెండోసారి ఉత్తరాది నౌకాదళ అధిపతి అడ్మిరల్ పోర్టర్ సుమారు 2,000 మంది నావికులను, మెరైన్లను (నౌకల మీది సైనికులను) ఒడ్డుకు దింపారు. నావికుల చేతుల్లో ఉన్నవి కత్తులు, రివాల్వర్లే. కోటగోడ మీది తుపాకులకు ఎదురుగా వాళ్లను ఇసుకలో పరుగెత్తించడం మా దృష్టిలో సేనాపతుల మొండితనమే. వందలాది మంది చనిపోయారు, గాయపడ్డారు. అయితే రక్షకుల చూపు అటు మళ్లడంతో పడమటి వైపు నుంచి ఉత్తరాది జనరల్ టెర్రీ సైనికులు లోపలికి చొరబడ్డారు. పోరు ముదిరిన వేళ సందేశాలు మోస్తూ కోటలోకి వెళ్లిన ఆరుగురు నావికుల్లో బజార్ ఒకరు.

పతకం ఆ జూన్‌లోనే వచ్చింది. అప్పటి నౌకాదళంలో అది కింది స్థాయి సిబ్బందికి మాత్రమే. అధికారులు 1915 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత ఉదారంగా ఉన్న ప్రభుత్వమే పౌరసత్వం దగ్గర పిసినారితనం చూపింది. సైన్యంలో పనిచేసి గౌరవంగా విడుదలైన విదేశీయుడికి ఏడాది నివాసం చాలని 1862లో చట్టం చేశారు. నావికులకు ఆ వెసులుబాటు లేదు. వాళ్ల కోసం చట్టం వచ్చింది 1894లో. అందులోనూ ఐదేళ్ల వరుస సేవ షరతు!

ఇప్పటికైనా మారిందా? 2013-2018 మధ్య పౌరసత్వం లేని సుమారు 250 మంది మాజీ సైనికులు బహిష్కరణ కేసుల్లో చిక్కుకున్నారని, వారిలో 92 మందిని దేశం నుంచి పంపేశారని ప్రభుత్వ శాఖల పనితీరును తనిఖీ చేసే అమెరికా ప్రభుత్వ అకౌంటబిలిటీ ఆఫీసు 2019లో తేల్చింది. మాజీ సైనికుల విషయంలో పాటించాల్సిన సొంత నిబంధనలనే ఇమ్మిగ్రేషన్ అధికారులు అన్నిసార్లూ పాటించలేదనీ చెప్పింది. నేరం చేస్తే జైలుకు పంపాల్సిందే, అందులో మాకు సందేహం లేదు. శిక్ష ముగిశాక దేశం దాటించడం రెండో శిక్ష. డిశ్చార్జి కాగితం చేతికిచ్చేలోపే పౌరసత్వ దరఖాస్తు తేలేలా చూసే బాధ్యతను అక్కడి రక్షణ శాఖే తీసుకోవాలి.