రిటైరయ్యాక ఖరీదైన షేరు కొనాలంటే ముందు వేయాల్సిన లెక్కలు

షేరు ధర వేలల్లో ఉంటే ఖరీదనీ, వందలోపు ఉంటే చవకనీ చాలామంది అనుకుంటారు. ఈ అపోహతోనే రిటైరైనవాళ్లు పేరున్న కంపెనీని పక్కనపెట్టి, పదింతలు ఎక్కువ షేర్లు వస్తున్నాయన్న ఆశతో బలహీనమైన కంపెనీలో డబ్బు పోస్తుంటారు. నిజానికి ధర అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. బెర్క్‌షైర్ హాథవే అనే అమెరికా పెట్టుబడుల సంస్థ తన ‘ఏ’ తరగతి షేరును ఎప్పుడూ విభజించలేదు, అంటే ఒక షేరును తక్కువ ధర గల ఎక్కువ షేర్లుగా మార్చలేదు. 1996లో తక్కువ ధర గల ‘బి’ తరగతి షేర్లు తెచ్చింది. 2010లో వాటిని విభజించాక ఒక ‘ఏ’ షేరు విలువ 1,500 ‘బి’ షేర్లకు సమానమైంది. ఏది కొన్నా వాటా అదే వ్యాపారంలో.

చూడాల్సింది ధరకూ, ఒక్కో షేరుపై వచ్చే లాభానికీ ఉన్న నిష్పత్తి, అంటే పీఈ. షేరు ధర 3,000, ఏడాది లాభం షేరుకు 50 అనుకుందాం. పీఈ 60. లాభం ఏటా పది శాతానికి కాస్త పైన పెరిగితే ఏడేళ్లలో 100 అవుతుంది. అప్పటికి మార్కెట్ ఉత్సాహం చల్లారి పీఈ 30కి దిగితే ధర మళ్లీ 3,000 దగ్గరే ఉంటుంది. కంపెనీ బాగా పనిచేసింది, లాభం రెట్టింపైంది, మదుపరికి మాత్రం కొద్దిపాటి డివిడెండే (కంపెనీ వాటాదారులకు పంచే లాభం) మిగిలింది. మైక్రోసాఫ్ట్ షేరు 1999 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2016లోనే. ఆ మధ్యకాలమంతా అది ఏటా లాభాలు గడిస్తూనే ఉంది. ముప్పై ఏళ్లవాడు అంతకాలం ఓపిక పట్టగలడు. అరవై రెండేళ్లప్పుడు కొన్నవారికి అప్పటికి డెబ్భై ఎనిమిది దాటతాయి.

ఉద్యోగంలో ఉన్నవారికీ రిటైరైనవారికీ అసలు తేడా జీతం. షేరు పడిపోతే జీతగాడు ముట్టుకోకుండా వదిలేస్తాడు, వీలైతే ఇంకొంచెం కొంటాడు. రిటైరైనవారికి ఇంటి ఖర్చు ఆగదు. 100 పెట్టింది 60కి పడితే తిరిగి 100 కావడానికి 67 శాతం పెరగాలి. ఆ పడిన దశలోనే ఖర్చుకు 5 తీసుకుంటే మిగిలేది 55, ఇప్పుడు 82 శాతం పెరగాలి. తొలి ఏళ్లలో ఇలా రెండుసార్లు జరిగితే కోలుకోవడం చాలా కష్టం. అందుకే కనీసం మూడేళ్ల ఖర్చు, వైద్యానికి విడిగా కొంత, డిపాజిట్ లాంటి భద్రమైన చోట ఉన్నాకే షేర్ల మాట ఎత్తాలి. ఒకే కంపెనీలో పెట్టేది మొత్తం పొదుపులో 5 శాతం మించకూడదన్నది మా గట్టి అభిప్రాయం. అది సగానికి పడినా నష్టం 2.5 శాతమే.

ముక్క షేర్లకు, అంటే ఒక షేరులో కొంత భాగమే కొనడానికి, అనుమతి ఉన్న మార్కెట్లలో చిన్న మొత్తంతోనూ పెద్ద ధర షేరులో వాటా దొరుకుతుంది. వెసులుబాటే, కానీ చాలా సందర్భాల్లో ముక్కను మరో బ్రోకరుకు బదిలీ చేయలేం. అమ్మి డబ్బుగా మార్చుకోవాలి, అప్పుడు లాభంపై పన్ను పడొచ్చు. ఓటు హక్కు ఉంటుందో లేదో కూడా ముందే అడగాలి. ఆ సదుపాయం లేనిచోట, అదే కంపెనీ ఉన్న ఇండెక్స్ ఫండ్ (ఒక సూచీలోని కంపెనీలన్నిటిలో కొంచెం కొంచెం డబ్బు పెట్టే ఫండ్) మేలు. ఒక్క షేరు కోసం పొదుపంతా ఊడ్చిపెట్టడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

రుసుములు చిన్న మొత్తాలను నిశ్శబ్దంగా తినేస్తాయి. ఒక్కో ఆర్డరుకు 20 చొప్పున స్థిర రుసుము ఉంటే 1,000 కొనుగోలుపై 2 శాతం అక్కడే పోయినట్టు. అలాంటప్పుడు నెలనెలా కొనకుండా మూడు నెలలకోసారి, నాలుగు విడతల్లో కొనాలి. మార్కెట్ ధరకు కాకుండా, ఇంతకు మించి ఇవ్వనని ముందే చెప్పే లిమిట్ ఆర్డరు పెడితే, తక్కువ షేర్లు చేతులు మారే కంపెనీలో అనుకోని ధరకు దొరికిపోయే ప్రమాదం తప్పుతుంది. పడుతోంది కదా అని సగటు కొనుగోలు ధర తగ్గించుకోవడానికి ఖర్చుల సొమ్ము తీసి కొనొద్దు.

పెరిగితే? పొదుపులో 5 శాతంగా మొదలైన వాటా 10 శాతం దాటితే, పైనున్న భాగం అమ్మి డిపాజిట్‌కు మళ్లించాలి. ఖాతా తెరిచిన రోజే నామినీ పేరు రాయించి, ఖాతా వివరాలు ఇంట్లో మరొకరికి చూపించి ఉంచాలి.