ఒక్కరే వస్తే గది లేదు, మంచం ఉంది

మన దగ్గర వసతిని గదుల్లో లెక్కిస్తారు. లాడ్జికి వెళ్లినా, టూరిజం శాఖ హరిత హోటల్‌కు వెళ్లినా అద్దె ప్రధానంగా గదికే. రూ.900 గదిని ఇద్దరు పంచుకుంటే తలా రూ.450 పడుతుంది, ముగ్గురైతే ఇంకా తగ్గుతుంది. ఒక్కరే వెళ్తే మొత్తం మోయాల్సిందే, అదీ గది ఇస్తే. ఒంటరిగా వచ్చిన కుర్రాణ్ని లాడ్జి కౌంటర్ దగ్గర అనుమానంగా చూస్తారు. అమ్మాయి అయితే "వెంట ఎవరూ లేరామ్మా?" అనే ప్రశ్నతోనే మొదలుపెడతారు. తిరుమలలో కూడా ఒక్కరికి గది కేటాయించరు. యాత్రికుల వసతి సముదాయంలో ఉచితంగా లాకర్ తీసుకుని హాల్లో పడుకోవాలి. మనలో చాలామందికి తెలిసిన మొదటి డార్మిటరీ అదే.

వీపున సంచితో ఊళ్లు తిరిగేవాళ్లకు గదిని కాకుండా మంచాన్ని అద్దెకిచ్చే బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్లు ఈ లోటును పట్టుకునే పెరిగాయి. 2013లో జోధ్‌పూర్‌లో జోస్టెల్ మొదలయ్యాక ఇలాంటి గొలుసు సంస్థలు చాలానే వచ్చాయి. ఇవి చౌక కాబట్టి నడుస్తున్నాయని అందరూ అంటారు, నాకు పూర్తిగా నమ్మకం లేదు. మామూలు రోజుల్లో ఐదారు వందలున్న మంచం లాంగ్ వీకెండ్ వస్తే రెట్టింపవుతుంది. ఇద్దరు స్నేహితులు వెళ్తుంటే శుభ్రమైన లాడ్జి చూసుకోవడమే నయం. హాస్టల్ అసలు సరుకు వేరే. బంక్ మంచం, దానికో తెర, తల దగ్గర లైటు, చార్జింగ్ పాయింట్, తాళం వేసుకునే లాకర్, కావాలంటే ఆడవాళ్లకు మాత్రమే ఉండే డార్మ్ (డార్మిటరీ). వీటన్నిటికీ మించి, ఎందుకొచ్చావు, ఎవరితో వచ్చావు అని ఎవరూ అడగరు. ఒంటరిగా తిరిగే అమ్మాయి నిజానికి డబ్బు కట్టేది దానికే. పక్క మంచం మీది గురకకు మాత్రం ఇంకా మందు కనిపెట్టలేదు, ఇయర్‌ప్లగ్స్ మనమే తెచ్చుకోవాలి.

సత్రాలతో పోల్చి చూసినా ఇది చిన్న మార్పు కాదు. శ్రీశైలంలో సత్రాలు చాలావరకు కులాల పేరునే ఉంటాయి. కులమేదో తెలుసుకున్నాకే తాళం చేతికిచ్చేవీ ఉన్నాయి. డార్మిటరీలో పై బంక్‌లో పడుకున్నది ఎవరో ఎవరికీ పట్టదు. అలాగని హాస్టల్ తలుపు అందరికీ తెరిచి ఉందని అనుకోవద్దు. చాలా హాస్టళ్లు స్థానిక ఐడీ ఉన్నవాళ్లకు మంచం ఇవ్వవు. ఊరి కుర్రాళ్లు తాగి గొడవ చేయడానికి, ఆడ అతిథుల వెంటపడటానికి వస్తారని నిర్వాహకుల వాదన. అందులో కొంత నిజముంది. కానీ ఆ నిబంధన చూసేది ప్రవర్తనను కాదు, ఆధార్‌లోని అడ్రస్‌ను. ఊరవతలి కాలనీ నుంచి తెల్లవారుజాము రైలు కోసం ముందురోజే స్టేషన్ దగ్గరికి వచ్చిన హైదరాబాద్ అమ్మాయికి ఆ రాత్రి హైదరాబాద్ హాస్టల్‌లో చోటుండదు. అల్లరి చేసేవాడు పక్క రాష్ట్రం నుంచి వస్తే దర్జాగా దిగుతాడు. కొన్నిచోట్ల వయోపరిమితి కూడా ఉంటుంది. రిటైరైన టీచర్ ఒంటరిగా దేశం చూడాలనుకుంటే ఆయనకు ఎక్కడ చోటిస్తారు?

అసలు ఈ హాస్టల్ ఆలోచన పుట్టింది కూడా ఒక టీచర్ వల్లే. జర్మనీలో రిచర్డ్ షిర్మన్ 1909లో పిల్లలను కాలినడకన తీసుకెళ్తుండగా పెద్ద వాన పట్టుకుంది. ఆ రాత్రి అంతా ఒక ఊరి బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో బళ్లు ఖాళీగానే ఉంటాయి కదా, వాటిని వసతికి ఎందుకు వాడకూడదు అనుకున్నాడాయన. 1912లో ఆల్టెనా కోటలో శాశ్వత యూత్ హాస్టల్ తెరిచారు. డబ్బులేని పిల్లలు కూడా ఊళ్లు చూడాలన్నది దాని ఉద్దేశం.

పన్ను విషయంలో మన ప్రభుత్వానికి ఆ ఉద్దేశం పెద్దగా గుర్తున్నట్టు లేదు. రోజుకు వెయ్యి రూపాయల లోపు వసతికి 2022 జూలై దాకా జీఎస్టీ లేదు, తర్వాత 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గించడం ఊరటే. కానీ రూ.7,000 హోటల్ గదికీ, రూ.600 బంక్‌కూ ఇప్పుడు ఒకటే రేటు.

చిత్రమేమిటంటే ప్రభుత్వ యూత్ హాస్టళ్లు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. కేంద్రం కట్టించింది, రాష్ట్రం స్థలమిచ్చింది. సికింద్రాబాద్‌లో, విశాఖలో, తిరుపతిలో, నాగార్జునసాగర్‌లో వీటిని కట్టారు. మన డిగ్రీ విద్యార్థుల్లో ఎంతమందికి వాటి సంగతి తెలుసు? ప్రైవేటు హాస్టల్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో బాగా వచ్చే చోటే లేస్తుంది, అది వ్యాపారం కాబట్టి తప్పు పట్టలేం. మిగతా ఊళ్ల బాధ్యత టూరిజం శాఖలదే. కొత్త రిసార్టుకు టెండర్ పిలిచే ముందు ఇలాంటి భవనాలను బాగుచేసి, మంచాలవారీగా ఆన్‌లైన్ బుకింగ్, ఆడవాళ్లకు విడి డార్మ్ పెడితే ఖర్చు పెద్దగా ఉండదు. స్థానిక ఐడీ అభ్యంతరం పెట్టకూడదు, గొడవ చేసినవాణ్ని బయటికి పంపితే సరిపోతుంది. ఇంకొకటి, చెక్-ఇన్ టైమ్. మనవాళ్లు రాత్రి బస్సెక్కి తెల్లవారి ఐదింటికి దిగుతారు. ప్రైవేటు హాస్టల్‌లో మంచం దొరికేది మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో. ఈ ఒక్క విషయంలో, ఎప్పుడు దిగితే అప్పటినుంచి 24 గంటలు లెక్కేసే మన పాత లాడ్జీలే మేలు.