మొప్ప నల్లబడిన పులస

పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. తిన్న పులస పూటలో అరిగిపోతుందన్న సంగతి వాళ్లకు తట్టినట్టు లేదు. అరగని చేపను సంపాదించడమే అసలైన విజ్ఞత అని మా బావగారు నిరూపించారు.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం, కెమరర్ ఊరి దగ్గర ప్రైవేటు క్వారీకి డబ్బు కట్టి వెళ్లి, మండుటెండలో ఉలీ సుత్తీ పట్టుకుని సున్నపురాయి పలకలు చీల్చి, నైటియా అనే చేపను పట్టారాయన. వయసు సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్లు, పొడవు జానెడు కూడా లేదు. ఇంట్లో కొబ్బరికాయ కొట్టమంటే నడుం పట్టేసే మనిషి!

ఈ నైటియా పులసకు దూరపు చుట్టమే, రెండూ హెర్రింగ్ తెగవే. 1987లో వయోమింగ్ దాన్ని రాష్ట్ర శిలాజం చేసింది. ఒకప్పుడు అక్కడున్న సరస్సు అడుగున గుంపులు గుంపులుగా చచ్చి పడి ఉంది కాబట్టి, క్వారీవాళ్లు పట్టుకుపొమ్మంటారు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఫాసిల్ బ్యూట్ జాతీయ స్మారకంలో మాత్రం చిన్న ముక్క ఏరుకున్నా నేరం. కంచెకు అటుంటే జాతి సంపద, ఇటుంటే షోకేసు సరుకు. చచ్చేముందు చేప కాస్త సర్వే నంబరు చూసుకోవాల్సింది.

కష్టపడలేనివారికి బజారుంది. తోకకు రంగు పూసినవీ, ఒక రాతిలోని చేపను ఇంకో రాతిలో అతికించినవీ దొరుకుతాయి. సౌందర్య సాధనాలు మనుషులకేనా ఏం?

మన ప్రాణహిత–గోదావరి లోయ సున్నపురాళ్లలోనూ చేప ఉంది, బావగారూ అన్నాను. లెపిడోటిస్ దక్కనెన్సిస్. ఒంటినిండా పెంకు పరిచినట్టు దళసరి పొలుసులు. జురాసిక్ కాలంది, మీదానికి తాతల నాటిది. 1851లోనే ఎగర్టన్ దొర దానికి నామకరణం చేశాడు.

"దానికి వీసా అక్కర్లేదుగా," అని చప్పరించేశారు.

నిరుడు ఆ పలకను పట్టుపంచెలో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని రాజమండ్రి తెచ్చారు. ఇంటిల్లిపాదీ మూగాం. అమ్మ కళ్లజోడు తుడుచుకుని, పలకను వెలుతురుకు తిప్పి, అలవాటుకొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గోటితో మొప్ప గీకింది.

"అల్లుడుగారూ, మొప్ప నల్లబడిపోయిందండీ. ఎవడో నిలవ సరుకు అంటగట్టేశాడు మీకు."