వేటకు వెళ్తే వేటు పడింది

అమెరికాలో ఎంఎస్ చదవడానికి రాసే పరీక్ష జీఆర్ఈ. మొదటి మాక్ టెస్టులో దాని వెర్బల్‌లో, అంటే ఇంగ్లీషు భాగంలో, నాకు 141 వచ్చింది. "170కి 141 నాన్నా" అని ఫోన్ చేసి చెప్పాను. "ఫస్ట్ క్లాసేరా!" అని మురిసిపోయాడు. ఆ లెక్క మొదలయ్యేదే 130 దగ్గరనీ, అందులో నా సొంత కష్టార్జితం పదకొండేననీ చెప్పబుద్ధి కాలేదు.

అమీర్‌పేట హాస్టల్లో నా రూమ్మేట్ అప్పటికే ఒకసారి రాసి దెబ్బతిన్నవాడు. వాడి సిద్ధాంతం ప్రకారం ప్రతి ఇంగ్లీషు పదంలోనూ ఒక తెలుగు మాట నక్కి ఉంటుంది. చెవి పట్టుకుని బయటికి లాగాలి, అంతే. పాలిడ్ అంటే మొహం పాలిపోయినవాడు. మెండేషస్ అంటే మెండుగా అబద్ధాలాడేవాడు. గ్యారులస్ అంటే నోట్లో గారెలు కుక్కినా వాగుడు ఆపనివాడు. పెన్యూరీ అంటే పెన్ను కూడా కొనలేనంత దరిద్రం. నవ్వకండి, అర్థాలన్నీ నిజంగా అవే. పాలిడ్ మాత్రం మన దగ్గర్నుంచే ఎత్తుకెళ్లారేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

రోజుకు ముప్పై పదాలు. అద్దం చుట్టూ, గీజర్ స్విచ్ పక్కన, ఆఖరికి బాత్రూం తలుపు లోపలివైపు కూడా చీటీలే. ఒకరోజు పొద్దున్నే బ్రష్ చేసుకుంటూ వాడు 'ఎనర్వేట్' అందుకున్నాడు. "ఎనర్జీకి వేటు" అన్నాడట. నోటినిండా నురగ. నాకు వినపడింది 'ఎనర్జీకి వేట'. శక్తి కోసం వేట, అంటే ఉత్సాహం పుంజుకోవడం అన్నమాట అనుకుని చీటీ అంటించేశాను.

ఆ శనివారం రాత్రి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. అయ్యేసరికి తెల్లవారుజామున నాలుగు. మేనేజర్ గారు చివరిదాకా మాతోనే కూర్చున్నారు, బిర్యానీ కూడా తెప్పించారు. ఎంఎస్‌కి నాకు రికమెండేషన్ లెటర్ ఇవ్వాల్సింది కూడా ఆయనే. ఇంతకంటే మంచి సమయం దొరకదని, టీమ్ మొత్తాన్నీ, అమెరికా క్లయింటునీ కాపీలో పెట్టి ఇంగ్లీషులో మెయిల్ కొట్టాను. సారాంశం ఇది: "సర్, మీ లీడర్‌షిప్ మమ్మల్నందరినీ ఎనర్వేట్ చేసింది. మీరు వచ్చి పక్కన కూర్చుంటే చాలు, ఎనర్వేట్ అయిపోతాం."

ముందుగా జవాబిచ్చింది క్లయింటే. "ముమ్మాటికీ నిజం! ప్రతి కాల్‌లో నన్నూ అలాగే ఎనర్వేట్ చేస్తుంటారు" అని, పక్కన చప్పట్ల బొమ్మ. ఆ మాటను అమెరికన్లలోనే చాలామంది తలకిందులుగా వాడతారని నాకప్పుడు తెలీదు. అమెరికా నుంచే సర్టిఫికెట్ వచ్చేసిందని హాయిగా నిద్రపోయాను.

సోమవారం కేబిన్‌కి పిలిచారు.

"నేను జీఆర్ఈ రాసింది 2009లో. అప్పట్లో యాంటనిమ్స్ ఉండేవి, 2011లో తీసేశారు. అదృష్టవంతుడివయ్యా. సరదాకి అడుగుతున్నా, ఎనర్వేట్‌కి వ్యతిరేక పదం ఏంటి?"

"నీరసపరచడం సర్."

"అది దాని అర్థం."

ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో చెప్పడానికి పాలిడ్‌కి మించిన మాట లేదు.

ఆయన తిట్టలేదు. అదే నా టెన్షన్. నెల తర్వాత లెటర్ చేతికిచ్చి "చూసుకో, ఓకేనా?" అన్నారు, అదో రకంగా నవ్వుతూ. మూడో లైన్లో నా గురించి 'సెడ్యులస్' అని ఉంది. మా చీటీల్లో ఆ పదం లేదు. "థాంక్యూ సర్" అనేసి వచ్చాను.

రాత్రి రూమ్మేట్‌కి చూపించాను. వాడు కళ్లు మూసుకుని రెండుసార్లు పలికి చూసుకున్నాడు. "సెడ్యు... సెడు... సెడ్డోడు" అని నా భుజం మీద చెయ్యేశాడు. "సారీ రా."

వణుకుతూ ఫోన్లో డిక్షనరీ తెరిచాను. పట్టు వదలకుండా శ్రమించేవాడు అని ఉంది. వాడి మొహం ముందు పెట్టాను.

వాడు రెండుసార్లు చదివి, తాపీగా అన్నాడు: "అయితే మీ మేనేజర్‌కి కూడా దాని అర్థం సరిగ్గా తెలిసుండదు."